58 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు: నిష్పత్తి సరిపోతే కొరత లేనట్టేనా?

ప్రశ్న: పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు

అందరికీ నమస్కారం. మా పిల్లలు చదివే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీలో నేను సభ్యురాలిని. మా పాప రెండో తరగతి, బాబు నాలుగో తరగతి. బడిలో ఒకటి నుంచి ఐదు వరకు కలిపి 58 మంది పిల్లలున్నారు, టీచర్లు ఇద్దరు. నిరుడు ముగ్గురు ఉండేవారు. సర్దుబాటులో భాగంగా ఒకరిని వేరే బడికి పంపించారు. ఆ టీచర్‌ను తిరిగి ఇవ్వాలని కమిటీ తీర్మానం చేసి అర్జీ పెట్టుకుంటే, 58 మందిని ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి 29 మంది వస్తారని, 30 మంది వరకు చట్టం అనుమతిస్తుందని, అందువల్ల మా బడిలో కొరత లేదని చెప్పారు.

ఆ భాగహారంలో తప్పేమీ లేదని నాకూ తెలుసు. అయితే బాబు మరిచిపోయిన నోటు పుస్తకం ఇవ్వడానికి పోయిన వారం వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర ఒక పావుగంట నిలబడి చూశాను. ఒకే గదిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు మూడు వరుసల్లో కూర్చున్నారు. టీచర్ గారు నల్లబల్లను సుద్దగీతతో రెండు భాగాలు చేసి, ఒకవైపు ఐదో తరగతికి భిన్నాల కూడిక చెబుతున్నారు; రెండోవైపు నాలుగో తరగతి కోసం గుణకారాలు రాసిపెట్టారు. మూడో తరగతి వాళ్లకు తెలుగు వాచకంలో ఒక పేజీ చూచిరాత ఇచ్చారు. ముందుగా రాసేసిన ఇద్దరు పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆవిడ పక్కకు వెళ్లి నిలబడ్డారు. కుడిచేతిలో సుద్దముక్క అలాగే ఉండగా ఎడమచేత్తో పుస్తకాలు అందుకుని, ఒక్కసారి చూసి, ‘ఇంకో పేజీ రాయండమ్మా’ అని పంపించారు. వాళ్లలో ఒక పాప గుమ్మానికి దగ్గరగా వచ్చి కూర్చుంది. ఆ పాప పుస్తకంలో ‘చెట్టు’ అన్న మాట ఉన్న ప్రతిచోటా ‘చెటు’ అనే ఉంది. ఆ ఒత్తు సంగతి చెప్పడానికి టీచర్ గారికి అర నిమిషం కూడా దొరకలేదు. ఆవిడను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ పావుగంటలో ఆవిడ ఒక్క క్షణం కూర్చోలేదు.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి మూడు విషయాలు. మాకు వచ్చిన సమాధానం చట్టం ప్రకారం సరైనదేనా? తరగతిలో పిల్లలు తక్కువగా ఉంటే నిజంగా బాగా నేర్చుకుంటారని ఎక్కడైనా పరీక్షించి చూశారా, లేక అది మన నమ్మకం మాత్రమేనా? కమిటీగా మేము ఇంకేం చేయగలం? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, మీకు వచ్చిన సమాధానం చట్టంలోని అక్షరానికి లోబడే ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉన్న బడిలో పిల్లలు 60 మంది వరకు ఉంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు ఉండాలి. 150 దాటితే ఆ ఐదుగురితో పాటు ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. 200 దాటిన బడుల్లో ప్రధానోపాధ్యాయుణ్ణి మినహాయించి టీచరుకు 40 మందికి మించకూడదు. మీ బడి మొదటి మెట్టు మీద ఉంది, కనుక ఇద్దరే.

అదే షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతుల గురించి రాసినచోట తరగతికి కనీసం ఒక టీచర్ ఉండాలన్న మాట స్పష్టంగా ఉంది. గణితం, సైన్సుకు ఒకరు, సాంఘికశాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండేలా చూడాలని కూడా ఉంది. ప్రాథమిక తరగతులకు ఆ మాట రాయలేదు. అక్షరం దిద్దుకునే పిల్లలకే టీచర్ పక్కన ఎక్కువసేపు ఉండాలని తెలిసి కూడా, తరగతికి ఒక టీచర్ అన్న హామీని పెద్ద పిల్లలకు ఇచ్చి చిన్న పిల్లలకు ఇవ్వకపోవడం నాకు సర్వీసంతా బాధ కలిగించిన విషయం. ఈ ‘ఇద్దరు’ అన్న అంకెకు పాత చరిత్ర ఉంది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కావలసిన బోధన సామగ్రి ఇవ్వాలని తలపెట్టింది. ఏకోపాధ్యాయ పాఠశాలలే ఎక్కడ చూసినా కనిపించే ఆ రోజుల్లో రెండో టీచర్ రావడం నిజంగా పెద్ద అడుగు. కాలక్రమంలో ఆ కనీసమే చిన్న బడులకు గరిష్ఠం అయిపోయింది.

ఇప్పుడు మీరు గుమ్మం దగ్గర చూసినదాన్ని లెక్కలో పెడతాను. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని ఆ షెడ్యూలే చెబుతోంది. అంటే రోజుకు నాలుగు గంటలు, 240 నిమిషాలు. ఒకటి, రెండు తరగతులు ఒకరికి, మూడు, నాలుగు, ఐదు మరొకరికి పంచారనుకుందాం. పెద్ద తరగతుల గదిలో ఒక్కో తరగతికి టీచర్ నేరుగా చెప్పగలిగే సమయం 80 నిమిషాలు. తెలుగు, ఇంగ్లిషు, గణితం, పరిసరాల విజ్ఞానం అన్న నాలుగు సబ్జెక్టులకు పంచితే ఒక్కోదానికి 20 నిమిషాలు. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టిన రోజు, లేదా సమావేశానికి వెళ్లిన రోజు, ఐదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. అప్పుడు తరగతికి 48 నిమిషాలు, సబ్జెక్టుకు 12 నిమిషాలు. ఆ 12 నిమిషాల్లోనే పిల్లలను కూర్చోబెట్టాలి, పుస్తకాలు తీయించాలి, పాఠం చెప్పాలి, రాసింది దిద్దాలి. పైగా ఇద్దరు టీచర్ల బడిలో వేరుగా ప్రధానోపాధ్యాయుడు ఉండరు కాబట్టి ఆ ఇద్దరిలో ఒకరే మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు అప్‌లోడు, ఫోన్లకు జవాబులు అన్నీ చూసుకోవాలి.

చట్టంలో మీకు పనికొచ్చే సెక్షన్లు రెండున్నాయి. నిష్పత్తిని ‘ప్రతి పాఠశాలలో’ పాటించాలని 25వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి మండలం సగటో జిల్లా సగటో చూపించి ఒక బడి కొరతను కాదనడానికి వీల్లేదు. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతానికి మించకూడదని 26వ సెక్షన్ చెబుతుంది. పది కంటే తక్కువ పోస్టులున్న ఏ బడిలోనైనా ఒక్క ఖాళీ వచ్చినా ఆ హద్దు దాటినట్టే. అందువల్ల మీ బడికి మంజూరైన పోస్టులు ఎన్నో ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి. పోయినది పోస్టా, లేక పోస్టు ఉండగానే మనిషిని మాత్రమే వేరే బడికి పంపారా అన్నదాన్ని బట్టి మీ అర్జీ స్వరూపమే మారిపోతుంది.

జవాబు: ఉపాధ్యాయ శిక్షణ రంగంలో పనిచేస్తున్న పాఠకురాలు

మాస్టారు గారు చట్టం గురించి చెప్పారు కనుక నేను రెండో ప్రశ్నకు జవాబు రాస్తాను. అంతకంటే ముందు, మన చర్చల్లో తరచూ కలిసిపోయే రెండు కొలతలను విడదీయాలి. మొత్తం పిల్లలను మొత్తం టీచర్లతో భాగిస్తే వచ్చేది ఉపాధ్యాయ–విద్యార్థి నిష్పత్తి. ఒక పాఠం జరుగుతున్నప్పుడు ఒక టీచర్ ఎదుట కూర్చున్న పిల్లల సంఖ్య తరగతి పరిమాణం. ఇంగ్లండులో 1998 నాటి చట్టం ప్రకారం ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల తరగతిలో ఒక టీచర్ వద్ద 30 మందికి మించకూడదు. అది తరగతి పరిమాణం మీద పెట్టిన హద్దు. మన చట్టం చిన్న బడులకు పెట్టినది మొత్తం పిల్లల సంఖ్య మీద ఆధారపడిన హద్దు. ఈ గదిలో ఎన్ని తరగతులు కలిసి కూర్చున్నాయి అన్న సంగతి ఈ రెండింటిలో దేనికీ పట్టదు. మీ సమస్య అసలు అక్కడే ఉంది.

సగటు ఎంతగా మరుగుపరుస్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చెబుతాను. ఒక బడిలో 20 మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు, పక్క బడిలో 160 మందికి నలుగురు ఉన్నారనుకోండి. రెండూ కలిపితే 180 మందికి ఆరుగురు, టీచరుకు 30 మంది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. కానీ ఆ 180 మందిలో 160 మంది టీచరుకు 40 మంది ఉన్న బడిలోనే కూర్చున్నారు. పిల్లల వైపు నుంచి సగటు తీస్తే దాదాపు 37 వస్తుంది. ఆ పెద్ద బడికి షెడ్యూలు ప్రకారం ఐదుగురు టీచర్లు, ఒక ప్రధానోపాధ్యాయుడు రావాలి.

ఇక పరిశోధన విషయానికి వస్తే, అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలై నాలుగేళ్లు సాగిన స్టార్ అనే ప్రయోగం అన్నిటికంటే ఎక్కువగా చర్చకు వస్తుంది. 79 బడుల్లో 11,000 మందికి పైగా చిన్న పిల్లలను, టీచర్లను లాటరీ పద్ధతిలో మూడు రకాల తరగతులకు కేటాయించారు: 13 నుంచి 17 మంది ఉండే చిన్న తరగతి, 22 నుంచి 25 మంది ఉండే మామూలు తరగతి, అదే మామూలు తరగతికి ఒక సహాయకురాలిని జతచేసిన తరగతి. చిన్న తరగతుల పిల్లలు చదవడంలోనూ గణితంలోనూ ముందున్నారు. పేద పిల్లలకు, నల్లజాతి పిల్లలకు ఆ లాభం ఇంకా ఎక్కువగా కనిపించింది. సహాయకురాలిని ఇచ్చిన తరగతుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితం చూసి కాలిఫోర్నియా 1996లో మూడో తరగతి వరకు 20 మందే ఉండాలని హడావిడిగా రాష్ట్రమంతటా అమలుచేసింది. ఒక్కసారిగా అన్ని వేల టీచర్లు దొరకక, పూర్తి అర్హత లేనివారిని పెద్ద సంఖ్యలో నియమించుకోవలసి వచ్చింది. అనుభవం ఉన్నవారు పేదల బడులను వదిలి మంచి ప్రాంతాల్లో కొత్తగా తెరుచుకున్న పోస్టులకు వెళ్లిపోయారు. ఇజ్రాయెల్‌లో ఒక తరగతిలో 40 మంది దాటితే రెండు సెక్షన్లు చేసే నియమం ఆధారంగా 1999లో వెలువడిన అధ్యయనం చిన్న తరగతులకు లాభం ఉందని తేల్చగా, అదే పరిశోధకులు పాలుపంచుకుని తరువాతి సంవత్సరాల సమాచారంతో మళ్లీ చేసిన పరిశీలనలో ఆ లాభం కనిపించలేదు.

మన పరిస్థితికి దగ్గరగా ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అధ్యయనం. గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో లాటరీ ద్వారా ఎంపికచేసిన 100 బడులకు ఒక్కొక్క ఒప్పంద టీచర్‌ను అదనంగా ఇచ్చారు. రెండేళ్ల తరువాత చూస్తే, అదనపు టీచర్ లేని బడుల పిల్లల కంటే ఆ బడుల పిల్లలు గణితంలోనూ భాషలోనూ మెరుగయ్యారు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది, చిన్న బడిలో ఒక మనిషి వస్తే పిల్లల సంఖ్య తగ్గడమే కాక, కలిసి కూర్చునే తరగతుల సంఖ్య కూడా తగ్గుతుందన్న సంగతి. కెన్యాలో 2005లో ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేసినప్పుడు, పిల్లల స్థాయిని బట్టి విడదీసిన బడుల్లో వెనుకబడినవారూ ముందున్నవారూ ఇద్దరూ లాభపడ్డారు. అందుచేత తరగతి చిన్నదైతే చాలు, అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని నేను అనను. టీచర్‌కు దొరికిన ఆ సమయం పిల్లవాడి పుస్తకం దిద్దడానికి, వాడి స్థాయిలో చెప్పడానికి ఖర్చైతేనే ఫలితం వస్తుంది. కానీ ఆ సమయమే లేనిచోట పద్ధతి మార్చమని టీచర్‌ను అడగడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కార్యాలయంలో అడిగితే, మంజూరైన పోస్టులే రెండుకు తగ్గాయని చెప్పారు. పక్క ఊరి పెద్ద బడిలో కలిపేస్తే తరగతికో టీచర్ దొరుకుతారని కమిటీలో కొందరు అంటున్నారు. ఒకటో తరగతి పిల్లలు అంత దూరం ఎలా నడుస్తారని మరికొందరు అడ్డుపడుతున్నారు. ఈ విషయంలో మీ అభిప్రాయం ఏమిటి? మూడో టీచర్ వచ్చేలోగా ఉన్న ఇద్దరితోనే చేయగలిగినది ఏమైనా ఉందా?

జవాబు: ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)

నేను పదకొండేళ్లుగా ఇద్దరు టీచర్ల బడుల్లోనే పనిచేస్తున్నాను. విలీనం గురించి ముందుగా రాస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల సమీప ఉన్నత పాఠశాలలకు పంపించారు. 2025లో ఆ జీవోను రద్దుచేసి, తరగతికి ఒక టీచర్ ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పాటు చేశారు. తరగతికో టీచర్ అన్న లక్ష్యం నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ దాన్ని చేరుకోవడానికి ఆరేళ్ల పాపను పెద్ద రోడ్డు దాటించాలంటే, వానాకాలంలో ఆ పాప ఎన్నిరోజులు బడికి వస్తుందో కూడా లెక్కలో వేయాలి. చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు ఐదో తరగతి వరకు బడి ఒక కిలోమీటరు నడక దూరంలో ఉండాలంటాయి. పక్క ఊరి బడి ఆ దూరంలోపే ఉండి, దారి భద్రంగా ఉంటే ఒప్పుకోవడం మంచిదే. లేకపోతే మీ బడిని వదులుకోవద్దని నా మాట.

ఇద్దరితో నడపడం గురించి. ఐదు తరగతులను ఐదుగానే చూస్తే ఇద్దరి వల్ల కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ వారు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం బహుళ తరగతుల బోధన పద్ధతిని తయారుచేశారు. అందులో పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డుల మీద పెడతారు. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూసుకుని ఆ కార్డు తీసుకుంటాడు. కొందరు టీచర్‌తో, కొందరు తోటి పిల్లలతో, కొందరు సొంతంగా పనిచేస్తారు. తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తరువాత రాష్ట్రమంతటా వెళ్లిన కార్యకలాపాల ఆధారిత బోధనకు కూడా ఈ పద్ధతే స్ఫూర్తి. నేను మొత్తం పద్ధతిని అమలుచేయలేకపోయాను కానీ, మూడు, నాలుగు, ఐదు తరగతులకు ఉదయం తెలుగు చదివించే గంటలో మాత్రం తరగతి గీత చెరిపేసి, అక్షరాలు రానివారు, మాటలు చదివేవారు, పేరా చదివేవారు అని కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. మీరు రాసిన ‘చెటు’ పాపలాంటి పిల్లలు మా బడిలో తొమ్మిది మంది బయటపడ్డారు. వాళ్లందరికీ ఒత్తుల పాఠం ఒక్కసారే చెప్పగలిగాను. తరగతుల వారీగా వేర్వేరుగా కూర్చున్నప్పుడు అదే పాఠం మూడుసార్లు చెప్పవలసి వచ్చేది, చెప్పలేకపోయేవాణ్ణి.

అయితే దీన్ని చూపించి ‘ఇద్దరు చాలు కదా’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ పద్ధతికి కార్డులు కావాలి, శిక్షణ కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఏడాది పొడుగునా అదే టీచర్ ఉండాలి. నవంబరులో ఒకరిని డెప్యుటేషన్ మీద పంపితే ఆ గుంపులన్నీ చెదిరిపోతాయి. 58 మందికి ఐదుగురిని అడగడం కంటే ముగ్గురిని అడగడమే నెగ్గే అర్జీ అని నా ఉద్దేశం: ఒకటి, రెండు తరగతులకు ఒకరు, మూడు, నాలుగుకు ఒకరు, ఐదుకు ఒకరు. ఆ ఐదో తరగతి టీచరే ఆఫీసు పని కూడా చూస్తారు. ఇందుకు ఒక ఆధారం కూడా ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి బడిలో నిష్పత్తి 30 లోపు ఉండాలని, సామాజికంగా ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 25 లోపు లక్ష్యంగా పెట్టుకోవాలని చెప్పింది. 25 చొప్పున లెక్కవేస్తే ఇద్దరికి 50 మందే సరిపోతారు. మీకు మూడో టీచర్ రావాలి. విధానం చట్టంతో సమానం కాదు, అయినా ప్రభుత్వం తానే రాసుకున్న మాట అది.

మీ కమిటీకి 22వ సెక్షన్ కింద పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే బాధ్యత ఉంది. తరగతుల వారీగా రాబోయే సంవత్సరాల్లో ఎంతమంది పిల్లలుంటారు, అదనంగా ఎంతమంది టీచర్లు కావాలి అన్నది అందులోనే రాయాలి. అంగన్‌వాడీ రిజిస్టరు చూసి వచ్చే ఏడాది ఒకటో తరగతికి రాబోయే పిల్లల సంఖ్య తీసుకోండి. 60 దాటితే చట్ట ప్రకారమే మూడో పోస్టు వస్తుంది. బడికి రాని పిల్లల పేర్లు రిజిస్టరులో చేర్చి సంఖ్య పెంచుదామన్న సలహా ఎవరైనా ఇస్తే మాత్రం వినవద్దు. అది బయటపడిన రోజున నిజమైన కొరత గురించి మీరు చెప్పే మాటను కూడా ఎవరూ నమ్మరు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

నిన్న అంగన్‌వాడీకి వెళ్లి చూశాను. వచ్చే జూన్‌కు ఒకటో తరగతికి రావలసినవారు 11 మంది. ఐదో తరగతి పూర్తిచేసి వెళ్లిపోయేవారు 13 మంది. అంటే వచ్చే ఏడాది 56 మందే ఉంటారు, షెడ్యూలు ప్రకారం మళ్లీ ఇద్దరే. అందుకే ఈసారి అర్జీలో నిష్పత్తి గురించి రాయడం తగ్గించి, మాస్టారు గారు చెప్పిన నిమిషాల లెక్కను మా బడి టైం టేబులుతో కలిపి రాస్తున్నాం. నిరుడు ఎన్ని రోజులు ఒక్క టీచరే ఐదు తరగతులూ చూశారో హాజరు పట్టీ నుంచి తీసి ఇస్తామని టీచర్ గారే అన్నారు. మూడో తరగతి పిల్లల చూచిరాత పుస్తకాలు కొన్ని తల్లిదండ్రుల అనుమతితో జతచేయాలని కమిటీ అనుకుంది. సోమవారం సమావేశంలో తీర్మానం అవుతుంది, సమాధానం రాగానే ఇక్కడ రాస్తాను.